పక్క మాటే సంఖ్యకు ఆనవాలు

బ్యాంకు సర్వరైనా, టికెట్లమ్మే వెబ్‌సైటైనా తాను చేసిన ప్రతి పనినీ ఒక్కో వరుసగా ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ ఫైలు అంటారు. పెద్ద సంస్థల్లో ఈ వరుసలు రోజుకు లక్షల్లో పోగవుతాయి. అందులో ఒకటి ఇలా ఉందనుకుందాం:

2024-03-11 09:42:17 ఆర్డర్ 20561 పూర్తి, పట్టిన సమయం 4812 మిల్లీసెకన్లు

సర్వరు ఎందుకు నెమ్మదించిందో వెతికే ఇంజనీరుకు కావలసింది 4812 ఒక్కటే. కానీ తేదీ, గంట, ఆర్డరు నంబరు కూడా అంకెలే. మొదటి సంఖ్య తీసుకోమంటే 2024 చేతికొస్తుంది. ఎనిమిదో మాట తీసుకోమంటే ఇవాళ్టికి సరిపోతుంది. ప్రోగ్రాం రాసేవాళ్లు రేపు మధ్యలో ఒక్క మాట చేర్చారంటే ఆ లెక్క తప్పుతుంది. వీధి పేరు లేని ఇంటి నంబరుతో ఎవరి ఇల్లూ దొరకదు. లాగ్‌లో సంఖ్యా అంతే. కాబట్టి ముందు ‘సమయం’ అన్న మాటను పట్టుకుని, దాని పక్క నుంచి సంఖ్యను అందుకోవాలి.

ఈ పనికి పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష బాగా కుదురుతుంది. భాషాశాస్త్రం చదువుకున్న అమెరికన్ ప్రోగ్రామర్ లారీ వాల్ 1987లో దాన్ని విడుదల చేశాడు. టెక్స్ట్ ఫైళ్లలోంచి కావలసింది ఏరి నివేదికలు తయారుచేయడమే దాని తొలి పని. వెతికే నమూనాను అందులో ఇలా రాయొచ్చు: సమయం[^0-9]*([0-9]+). ఆ మాట తర్వాత అంకె కానివన్నీ దాటి, వరసగా వచ్చే అంకెలను పట్టుకోమని దీని భావం. గుండ్రటి బ్రాకెట్లలో చిక్కింది $1 అనే పేరుతో అందుతుంది. తొందరలో చాలామంది సమయం.*([0-9]+) అని రాసేస్తారు. చుక్కా నక్షత్రమూ కలిస్తే ‘ఏదైనా, ఎంతైనా’ అని అర్థం. ఆ జంట వరుస చివరిదాకా మింగేస్తుంది. తర్వాతి భాగానికి కనీసం ఒక్క అంకె వదలాలి గనక వెనక్కి జరిగి, చివరి అంకె దొరకగానే ఆగిపోతుంది. అప్పుడు చేతికొచ్చేది 4812 కాదు, 2. ఎర్రరేమీ రాదు. దాదాపు అయిదు సెకన్లు పట్టిన పని రెండు మిల్లీసెకన్లలో ముగిసినట్టు నివేదిక చెబుతుంది. పక్క మాటను పట్టుకుంటే చాలదు, మాటకూ సంఖ్యకూ మధ్య ఏముండొచ్చో కూడా కచ్చితంగా చెప్పాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మొదటి నమూనాకూ హద్దులున్నాయి. 1,25,000 అని కామాలతో రాస్తే అది 1 దగ్గరే ఆగుతుంది. సంఖ్య ముందున్న మైనస్ గుర్తును అంకె కాదని దాటేస్తుంది. అంకెలకు పెర్ల్‌లో బ్యాక్‌స్లాష్-డి అనే పొట్టి గుర్తు ఉన్నా, ఇక్కడ 0-9 అని విడమరిచి రాయడానికి కారణం ఉంది. యూనికోడ్ టెక్స్టులో ఆ గుర్తు ౪౮ వంటి తెలుగు అంకెలనూ పడుతుంది, కానీ కూడికకు దిగితే పెర్ల్ వాటి విలువను సున్నాగా తీసుకుంటుంది. తెలుగు సమాచారంతో పనిచేసేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

లాగ్‌లను జేసన్ వంటి పద్ధతిలో, ప్రతి విలువకూ పేరు పెట్టి రాస్తే ఈ తంటా ఉండదు కదా అంటారు. నిజమే, ప్రోగ్రాం మన చేతిలో ఉంటే అదే మేలు. కానీ పాత ప్రోగ్రాములు, నెట్‌వర్క్ పరికరాలు తమకు తెలిసిన వాక్యాలే రాస్తాయి. జేసన్‌లోనూ సందేశం అన్న గడిలో చాలాసార్లు మామూలు వాక్యమే ఉంటుంది. పైథాన్‌తో చేయలేమా అంటే, నిక్షేపంగా చేయొచ్చు. పెర్ల్ నమూనాల తీరును తర్వాతి భాషలు ఎన్నో అందిపుచ్చుకున్నాయి. అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది: అజాగ్రత్తగా రాసిన నమూనా కంప్యూటర్‌నే కూలదోయగలదు. 2019 జులై 2న, వెబ్‌సైట్లకు సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సర్వర్ల ప్రాసెసర్లను ఒకే ఒక్క నమూనా ఊపిరాడనివ్వలేదు, ఎన్నో వెబ్‌సైట్లు దాదాపు అరగంట పాటు మూగబోయాయి. అందులోనూ చుక్కా నక్షత్రాల జంటలే వెనక్కీ ముందుకీ తిరిగాయి. మధ్యలో ఏముండాలో బిగించి చెప్పడానికి ఇది మరో కారణం.

నమూనా కుదరని వరుసలో $1కి కొత్త విలువ రాదు, అంతకుముందు దొరికిన పాత సంఖ్యే అందులో మిగిలి ఉండొచ్చు. అందుకే నమూనా కుదిరిందని చూసుకున్నాకే దాన్ని వాడాలి. ‘సమయం’ దొరికినా సంఖ్య దొరకని వరుసలు ఎన్ని ఉన్నాయో స్క్రిప్టు చివర అచ్చువేయించాలి. ఆ లెక్క సున్నా కాకపోతే, సగటు కట్టే ముందు ఆ వరుసలను తెరిచి చదవాలి.