డాబా మీది ఈతకొలనులో బ్లీచ్ ఎంతసేపు నిలుస్తుంది?

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టున సాయంత్రం జనం చల్లగాలి కోసం చేరతారు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి ఊళ్ళో పిల్లల కోసం డాబా మీద ప్లాస్టిక్ ఈతకొలను పెట్టుకున్నవారికి ఓ సందేహం రావడం సహజం: రోజూ నీళ్ళు మార్చలేం, బట్టలకు వాడే బ్లీచ్ కాస్త పోస్తే సరిపోదా?

రసాయనం ఒకటే. పెద్ద ఈతకొలనుల్లో వాడే ద్రవ క్లోరిన్, ఇంట్లోని బ్లీచ్ రెండూ సోడియం హైపోక్లోరైటే, గాఢతలోనే తేడా. సువాసన, నురగ కలిపిన రకాలు మాత్రం పనికిరావు. సీసా మీద 4 శాతం అని ఉంటే, 2,000 లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చేరుతుంది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) చెప్పే కనీస మోతాదు 1 మిల్లీగ్రాము.

లెక్క బాగానే ఉంది, చిక్కల్లా ఎండతోనే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు హైపోక్లోరైట్‌ను విడగొడతాయి. నడినెత్తిన ఎండ ఉంటే నీటిలోని క్లోరిన్‌లో సగం గంట లోపే పోవచ్చు. పొద్దున్నే పోసిన బ్లీచ్ మధ్యాహ్నం పిల్లలు దిగేసరికి దాదాపు ఉండదు. నీళ్ళు తేటగానే కనిపిస్తాయి, అదే మోసం! పెద్ద కొలనుల్లో దీన్ని ఆపడానికి సయాన్యూరిక్ ఆమ్లం కలుపుతారు. అప్పుడు కనీస మోతాదు 2 మిల్లీగ్రాములు. బ్లీచ్‌లో అది ఉండదు. పైగా ఆ సీసా ఎండాకాలమంతా వేడి గదిలో ఉంటే, తెరవకముందే బలం తగ్గిపోయి ఉంటుంది.

రెండో సంగతి పీహెచ్. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం ఈ రూపంలో ఉంటుంది, 8కి చేరితే నాలుగో వంతే. రాయ్‌పూర్ చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల, బోరు నీరు క్షారగుణం వైపు మొగ్గవచ్చు. అందుకని పీహెచ్ తగ్గించడానికి మరుగుదొడ్డి కడిగే యాసిడ్ తెచ్చి పోయకండి. అది బ్లీచ్‌తో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పిల్లలు దిగే ముందు పరీక్ష పట్టీని ముంచి క్లోరిన్, పీహెచ్ చూడాలి. పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. పసిపిల్లలాడే చిన్న తొట్టి అయితే ఈ లెక్కలెందుకు? ఆడటం అయ్యాక నీళ్ళు పారబోసి, కడిగి ఆరబెట్టడమే మేలు. నీళ్ళవిరేచనాలు ఉన్న పిల్లలను మాత్రం దించకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరైన మోతాదు క్లోరిన్‌లోనూ వారానికి పైగా బతకగలదు.

పారబోసే నీటినీ చూసుకోవాలి. కొద్దిపాటి క్లోరిన్ కూడా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. చెరువులో కలిసే కాలువలోకి వదలకుండా, బ్లీచ్ పోయడం మానేసి ఒక రోజు ఎండలో ఉంచండి. పట్టీ సున్నా చూపితే మొక్కలకు పోసుకోవచ్చు.