వేగానికి వచ్చిన జాబు

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తున్నాను. బల్ల మీద సెల్ ఫోను గుర్రుమంది. తీసి చూద్దును గదా, మా కారు మీద చలానా! శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు, జూబ్లీహిల్స్ రోడ్డు నెంబరు 45లో, గంటకు 82 కిలోమీటర్ల వేగం. కట్టవలసింది 1,035 రూపాయలు.

ఆ వేళకు నేను భోజనం చేసి కునుకు తీస్తున్నాను. కారు తీసుకువెళ్ళింది మా అబ్బాయి. వాడు ఫిలింనగర్‌లో సినిమా ఎడిటింగు నేర్చుకుంటున్నాడు.

"ఏమండీ, వాణ్ణి పోలీసు ఆపనైనా లేదుటగా! ఆపకుండానే జరిమానా ఏమిటి?" అంది మా ఆవిడ.

ఆ ప్రశ్న నాకూ తోచింది. తెలుసుకుంటే సంగతి ఇదీ. రోడ్డు వారన నిలబడ్డ పోలీసు దగ్గర లేజర్ తుపాకి ఉంటుంది. అది కంటికి కనపడని కాంతి తునకలను వచ్చే బండి మీదికి విసురుతుంది. అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. రెప్పపాటు కాలంలో ఈ పని ఎన్నోమార్లు చేసి, దూరం ఎంత తగ్గిందో చూసి వేగం తేలుస్తుంది. దాంతోబాటే ఫొటో. ఫొటోలోని నెంబరును రవాణా శాఖ రికార్డుతో పోల్చి, యజమాని ఫోనుకు జాబు పంపుతారు. పూర్వం విజిలు ఊది, బండి ఆపి, వాదులాడి, రసీదు వ్రాసేవారు. ఇప్పుడు తుపాకి, రికార్డు, ఫోను ఒకే గొలుసు అయిపోయాయి. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్ 12వ నెంబరు రోడ్డులో ప్రారంభమైన పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటరుకు ఊళ్ళోని కెమెరాల దృశ్యాలు కూడా చేరుతున్నాయి.

వేగాన్ని పట్టే కెమెరాలకు పేరు తెచ్చినవాడు ఎవరనుకున్నారు? మారిస్ గాట్సొనీడెస్ అనే డచ్చి దేశస్థుడు, 1953లో మాంటికార్లో కారు పందెం గెలిచినవాడు! మలుపుల్లో ఇంకా వేగంగా పోవడం ఎలాగో చూసుకుందామని తయారుచేసుకున్న సాధనమే చివరకు పోలీసుల చేతికి వెళ్ళింది.

మావాడు లేచి వచ్చాడు. ఫోను చూపించాను.

"82 ఓ వేగమా నాన్నగారూ? సినిమాలో చూడండి!" అన్నాడు.

"సినిమాలో సంగతి నువ్వే చెప్పావుగా! సెకనుకు 24 బొమ్మలు తీయవలసిన చోట 12 తీసి, మామూలుగా ఆడిస్తే నలభైలో పోయే కారు ఎనభైలో పోయినట్లుంటుందని. అక్కడి వేగం కెమెరా గారడీ. నీది నిజం వేగం."

నిజం వేగానికి లెక్క వేరు. నలభైలో పోయే కారు సెకనుకు 11 మీటర్లు నడుస్తుంది. ఎనభైలో 22. అయితే బ్రేకు నొక్కాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు! 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి 71 మంది మరణానికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక తేల్చింది. జూబ్లీహిల్స్‌కు ఈ దుఃఖం కొత్త కాదు. 2017 మే నెలలో 36వ నెంబరు రోడ్డులో కారు మెట్రో స్తంభానికి గుద్దుకుని, అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి ఒకరి కుమారుడూ అతని స్నేహితుడూ మరణించారు.

"సరేలెండి. ఇప్పుడే కట్టకండి. ఎప్పుడో రాయితీ ఇస్తారు, అప్పుడు కడదాం," అన్నాడు మావాడు.

నాకు చలానా కంటే ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. వాడన్నదీ అబద్ధం కాదు. పేరుకుపోయిన చలానాలు వసూలు కావడానికి 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర మరోసారి రాయితీలు ఇచ్చారు. రెండోసారి కార్లకు నూటికి 60, స్కూటర్లకు 80 తగ్గించారు. బకాయిలు వసూలై ఉండవచ్చు. కాని మా ఇంట్లో కుర్రవాడు నేర్చుకున్న పాఠం, ఓపిక పడితే తప్పు చవక అవుతుందని! యంత్రం రెప్పపాటులో పట్టింది. మనం నెలల తరబడి వాయిదా వేస్తాం.

ఏమీ అనకుండా చలానాతో వచ్చిన ఫొటో తెరిచి వాడి చేతికిచ్చాను. బొమ్మలు చూడడం వాడి వృత్తి గదా! తేలిగ్గా చూసి ఇచ్చేయబోయి ఆగాడు. వేళ్ళతో పెద్దది చేశాడు. మా కారు పక్కనే, బొమ్మ అంచున ఒక స్కూటరు. నడిపేది ఒక ఆడమనిషి. ముందు నిలబడి ఒక చిన్నపిల్లవాడు.

మావాడు చాలాసేపు చూశాడు.

"వీళ్ళను నేను అసలు చూడనేలేదు నాన్నగారూ."

"82లో పోతే ఒక్కొక్క బొమ్మకు కారు ఎంత జరుగుతుందిరా?"

మనసులో లెక్క వేసుకున్నాడు. "దగ్గర దగ్గర ఒక మీటరు," అన్నాడు మెల్లగా. స్కూటరుకూ కారుకూ మధ్య ఉన్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

ఆ పూటే తన జీతంలోంచి 1,035 రూపాయలూ కట్టేశాడు. రాయితీ మాట మళ్ళీ ఎత్తలేదు.

తుపాకి నుంచి ఫోను దాకా గొలుసు పోలీసువారు వేశారు. ఫోను నుంచి కారు తోలేవాడి పాదం దాకా మిగిలిన లంకె ఇంట్లో వేసుకోవలసిందే. జాబు మీ ఇంటికీ వస్తే, డబ్బు కట్టి ఊరుకోకండి. ఫొటో తెరిచి, బండి తోలినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.