చప్పట్ల తరువాతి మాట

భిలాయి ఉక్కునగరపు అంచున గల హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో, పగటి పని ముగించి, చేతులకంటిన జిడ్డు కడుగుకొని, టీ బడ్డీ కడ చేరిన తెలుగు కార్మికుల నడుమ ఒక్క అరగంట కూర్చున్నవారికి, కన్నయూరికి ఇంత దూరమున ఉండియు మనవారు చలనచిత్రమును ఎంత గాఢముగా ప్రేమింతురో వేరుగా చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలమునుండియు ఉత్తరాంధ్రవారు పనికై ఈ నేలకు వచ్చుచునే యున్నారు. వారి వెంట వారి అభిమాన నటుల బొమ్మలును వచ్చినవి. "సినిమా ఎలాగుందిరా?" అని ఒకడడుగును. "అదిరిపోయింది" అని వేరొకడనును. మాట అచ్చటితో ఆగును.

అది ఆగిన చోటనే నా ఆసక్తి మొదలగును. ఎందుచేత అదిరినది? ఏ ఘట్టమున? అంతకుముందు మూడు చిత్రములలో అదే నటుడు చేయని పని ఇందులో ఏమి చేసెను? ఈ ప్రశ్నలకు అభిమాని మనస్సులో సమాధానములు లేకపోలేదు. ఒక చిత్రమును ఐదు మారులు చూచినవానికి దానిలోని ప్రతి మలుపును కంఠస్థమే. అతనిని కూర్చుండబెట్టి, కాగితమిచ్చి, నిదానముగా చెప్పుమని అడిగినవారు లేరు, అంతియే. భిలాయి కర్మాగారములో తయారగు రైలుపట్టాను పైపైన చూచి పంపివేయరు. కంటికి కానరాని లోపగులు ఏదేని ఉన్నదేమో అని అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి మరి పంపుదురు. ఇనుమునకు చూపు ఆ శ్రద్ధను, తమను నవ్వించి యేడ్పించిన కళకు చూపలేనివారు కారు మనవారు.

లోతుగా వ్రాయుట వలన ఏమి లాభమని అడుగువారికి నేను ఒక్క దృష్టాంతము చెప్పుదును. తెలుగున తొలి సంపూర్ణ టాకీయగు 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దముల పర్యంతము ఒకరిని చూచి ఒకరు వ్రాసికొనుచు వచ్చిరి. పత్రికలలో అదే, పుస్తకములలో అదే, ఉత్సవ ప్రసంగములలోను అదే. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఈ మాటను అట్లే గ్రహింపక, పాతపత్రికలను, సెన్సారు వివరములను ఓపికతో వెదకి, ఆ చిత్రమునకు సెన్సారు పత్రము 1932 జనవరి 22న లభించినదనియు, బొంబాయిలోని కృష్ణా థియేటరులో 1932 ఫిబ్రవరి 6న అది తొలిసారి ప్రదర్శింపబడినదనియు ఆధారములతో నిరూపించిరి. అనగా, తెలుగు మాటలు కొంత వినిపించిన 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న వచ్చిన తరువాతనే ప్రహ్లాదుడు తెరపై పలికినాడు. రెండు చిత్రములకును దర్శకుడు హెచ్.ఎం. రెడ్డిగారే. ఒక భాషలోని చలనచిత్రపు పుట్టినరోజే ఇన్నేండ్లు తప్పుగా లెక్కింపబడి, ఒక్కని పట్టుదల వలన సరియైనదన్నచో, దీర్ఘవ్యాసము విలువను నేను ఇంతకంటె గట్టిగా చెప్పజాలను.

మన భాషకు ఈ సంప్రదాయము క్రొత్తదియు కాదు. కొడవటిగంటి కుటుంబరావుగారు కథకులుగా, 'చందమామ' సారథిగా ప్రసిద్ధులు. అయినను సినిమాను గూర్చి వారు వ్రాసిన వ్యాసములు సంపుటములుగా నిలిచినవి. ముళ్లపూడి వెంకటరమణగారు 'ఆంధ్రపత్రిక'లో చిత్రసమీక్షలు వ్రాసి వ్రాసి, పిమ్మట తామే చిత్రరచనకు పూనుకొనిరి. 1962లో వచ్చిన 'రక్తసంబంధం' సంభాషణలు వారి కలము చలువయే. ఫ్రాన్సులో ట్రూఫో, కలకత్తాలో సత్యజిత్ రాయ్ నడచిన దారియు ఇదే: రాయ్ 1947లో మిత్రులతో ఫిల్మ్ సొసైటీ నెలకొల్పి, ఇతరుల చిత్రములను చర్చించిన పిదపనే తన చిత్రమునకు పూనుకొనెను.

కావున అభిమాన సంఘములవారికి నా విన్నపమిది. కటౌటునకు వెచ్చించు శ్రమలో పదవ వంతును వ్రాతకు వెచ్చింపుడు. మొదటి ఆట ముగియకమునుపే తీర్పు కోరవలదు. వారము గడువిచ్చి, చిత్రమంతయు గాక ఒక్క ఘట్టమును గూర్చి వ్రాయుమనుడు. వ్రాసినది మీ నాయకునికి అనుకూలముగా లేదని వ్రాసినవానిని వెలివేయకుడు. ఈ ఒక్క భయమే ఎన్నో కలములను మూయించుచున్నది, ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. తేదీ తప్పైనచో సౌమ్యముగా దిద్దుడు. ముఖ్యముగా, వ్రాయువానిని తన వృత్తివలన ఎరిగినదానిని వ్రాయనిండు.

ఈ చివరి మాటను కొంత వివరింపవలెను. వెల్డింగు చేయువానికి వెలుతురు సంగతి తెలియును, ఏ కాంతి కన్నును పొడుచునో, ఏది వస్తువు అంచును చూపునో అతని కనుపాపలకే అనుభవము. క్రేను నడుపువానికి, పైనుండి చూచినపుడు మనిషి ఎంత చిన్నగా కనిపించునో, ఎత్తు మారినకొలది మనస్సులో ఏమి మారునో ఎవరును నేర్పనక్కరలేదు. ఛాయాగ్రాహకుని పనితనమును వీరికంటె నిశితముగా పట్టుకొనగలవారు ఎందరు? 1969లో వి. మధుసూదనరావుగారి దర్శకత్వమున శోభన్‌బాబు, శారద నటించిన 'మనుషులు మారాలి' కార్మికుని సంసారగాథ. నగరములో పుట్టి పెరిగిన విమర్శకుడు అందలి నటనను, సంగీతమును చక్కగా విశ్లేషింపవచ్చును. కాని యంత్రము ముందు ఎనిమిది గంటలు నిలిచి ఇల్లు చేరినవాని నడక తెరపై నిజముగా అట్లే ఉన్నదా, సమ్మె నాళ్లలో వంటింటి నిశ్శబ్దము అట్లే ఉండునా, గేటు కడ వేచియున్న ఇల్లాలి చూపులో దర్శకుడు పట్టినదేమి, విడిచినదేమి అని హథ్‌ఖోజ్‌లోని ఫిట్టరు వ్రాయవలసియున్నది. అట్టి వ్యాసము పది పుటలైనను, ఇరువది పుటలైనను, దానికై నేను ఎదురుచూచుచున్నాను.