పెరటిలో తంగేడు పెంపకం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చెలక గట్ల మీద, గుట్టల అంచున తంగేడు తనంత తానే పెరుగుతుంది. గునుగుతోపాటు బతుకమ్మ పేర్చడానికి ముఖ్యమైన ఈ పువ్వును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. బీడు భూములు పొలాలుగా, ప్లాట్లుగా మారిన చోట మాత్రం పండుగకు పువ్వు దొరకడం కష్టమవుతోంది. అందుకే పెరట్లో ఒకటి రెండు పొదలు పెంచుకోవడం మంచిది.

దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. విత్తనం వేసినా మొలవలేదని చాలామంది వదిలేస్తారు. సాధారణంగా లోపం విత్తనంలో ఉండదు. గట్టి బీజకవచం నీటిని లోపలికి పోనివ్వదు. బయట ఎండవానలకు ఆ పొర మెల్లగా మెత్తబడుతుంది. ఇంట్లో ఆ పని మనమే చేయాలి. విత్తనాలను గరుకు కాగితంపై కొద్దిగా రుద్ది, రాత్రంతా నీటిలో నానబెట్టండి. ఉబ్బినవాటిని విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. తల్లివేరు లోతుకు పోతుంది కనుక తొలకరిలో నేరుగా నేలలోనే విత్తడం మేలు.

పూర్తి ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. మొక్క నిలదొక్కుకున్నాక రోజూ నీరు, యూరియా అక్కరలేదు. గులాబీకి చేసినంత సేవ చేస్తే ఆకు పెరిగి పూత తగ్గవచ్చు.

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి కోసం వచ్చే గండు తుమ్మెదలు కేసరాలను పట్టుకుని, ఒంటి అదురుతో దాన్ని రాల్చుకుంటాయి. పండుగకు కొమ్మలన్నీ విరిచేయకుండా కొన్నింటినైనా కాయలకు వదలండి. వచ్చే ఏటికి విత్తనం వాటి నుంచే తీసుకోవచ్చు.