కాల్షియం గోలీ ఎక్కువైతే

గోదావరిఖనిలో మోకాళ్లు గుంజుతున్నాయన్నా, నడుము పట్టేసిందన్నా ఇంట్లోవాళ్లు ముందు చెప్పేది కాల్షియం గోలీయే. ఎముకలకు మంచిదే కదా, ఎక్కువైతే నష్టమేముందని ధీమా. నష్టం ఉంది. అది ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే భయం అక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం చాలు. ముట్లుడిగిన స్త్రీలకు 1200. అమెరికా నిపుణులు 2011లో గీసిన పైహద్దు 50 ఏళ్ల వరకు 2500, ఆ తర్వాత 2000. అర లీటరు పాలలో సుమారు 600, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. జావ, పెరుగు, ఆకుకూరలతో హద్దు దాటడం అంత తేలిక కాదు. దాటించేది గోలీలే. పట్టీ మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. ఎముకల డాక్టరు ఒకటి, ఆడవాళ్ల డాక్టరు ఇంకొకటి రాస్తారు. పేర్లు వేరు, సరుకు ఒకటే. కొన్ని ఎసిడిటీ గోలీల్లోనూ అదే కార్బొనేట్.

రక్తంలో మిగిలిన కాల్షియాన్ని కిడ్నీలు మూత్రంలోకి తోసేస్తాయి. మూత్రం చిక్కగా ఉంటే అక్కడే రాయి కడుతుంది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని ఎండలోనో, బొగ్గుబాయి లోపలి ఉక్కలోనో షిఫ్టంతా చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగే మనిషికి ఈ ముప్పు ఎక్కువ. అమెరికాలో 36 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియంతోపాటు విటమిన్ డి వాడినవారిలో కిడ్నీ రాళ్లు 17 శాతం ఎక్కువగా కనిపించాయి.

ఇది విని పాలు, పెరుగు మానేయడం పెద్ద పొరపాటు. చాలా రాళ్లు కాల్షియం, ఆక్సలేట్ కలిసినవే. అన్నంతో తిన్న పెరుగులోని కాల్షియం పాలకూరలాంటి వాటిలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసి మలంతో పంపేస్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ కిడ్నీదాకా పోతుంది.

గోలీకన్నా నాకు ఎక్కువ భయం వేసేది విటమిన్ డి పొడి ప్యాకెట్ అంటే. బాయి దిగినవాడికి షిఫ్టులో ఎండ తగలదు కాబట్టి డి తక్కువుందేమోనన్న అనుమానం సబబే. రక్త పరీక్ష చేయించుకోవాలి. కానీ 60,000 యూనిట్ల ఆ మందు సాధారణంగా వారానికొకటి, అదీ కొన్ని వారాలే. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. డి కొవ్వులో నిలవుండిపోతుంది కనుక మందు ఆపినా తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మతిమరుపు రక్తంలో కాల్షియం పెరిగిందనడానికి గుర్తులు. మొదటి రెండూ చూసి షుగర్ అనుకునేవాళ్లున్నారు. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి.

కాల్షియం వాడాల్సినవాళ్లకు ఒక మాట: థైరాయిడ్ గోలీకి, కాల్షియానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు సర్కారు దవాఖానాలో ఇచ్చే కాల్షియం మానొద్దు. ఐరన్ గోలీతో కలిపి మాత్రం మింగొద్దు.

ఈసారి ఆస్పత్రికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీల పట్టీలు, పొడి ప్యాకెట్లు అన్నీ ఒక సంచిలో వేసుకొని పోయి డాక్టరు ముందు పెట్టండి. ఏది ఆపాలో ఆయన్నే చెప్పమనండి.