పిడికెడు గింజలు : నంద్యాల క్రైస్తవ సంఘపు కథ

శివరాత్రికో కార్తికమాసమునకో మహానందికి పోయివచ్చిన సోదరీమణులు మనలో ననేకులుందురు. నల్లమల కొండల యడుగుననున్న యా కోనేటి నీరెంత తేటయైనదో, లోతున పడిన నాణెము సైతము పైనుండి యెట్లు కనబడునో చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. చుట్టునున్న మెట్టసీమ వానకై మొగము వాచియుండగా, ఆ గుడిలోనుండి వెలువడు నీరు ఏడాది పొడుగునను పారి వరిచేలను, అరటితోటలను తడుపుచుండును. ఈ క్షేత్రమునకు పోవువారు సాధారణముగా నంద్యాలలో దిగి పోవుదురు. నవనందులను దర్శింపగోరువారు ఆ పట్టణములోని ప్రథమనందితోనే యాత్ర మొదలిడుదురు. అయితే ఆ పట్టణముననే హోలీక్రాసు దేవాలయమను క్రైస్తవుల పెద్దగుడి యొకటి కలదనియు, దక్షిణ ఇండియా సంఘమువారి నంద్యాల అధ్యక్ష ఖండమునకు అదియే పీఠమనియు యాత్రికులలో నెందరు గమనింతురో చెప్పజాలను. పొరుగింటి సంగతి తెలిసికొనుట తప్పుగాదు. ఆ యింటి కథలో ఆడువారి పాలు హెచ్చుగా నున్నప్పుడు తెలిసికొనకుండుటయే తప్పు.

అధ్యక్ష ఖండమనగా ఒక బిషప్పుగారి పాలనలోనుండు ప్రదేశము. నంద్యాల ఖండము నల్లమలకు రెండువైపులను వ్యాపించినది. ఈవల నంద్యాల, ముత్యాలపాడు, ఆవల గిద్దలూరు, కడప జిల్లాలో కలసపాడు. ఇవన్నియు పంతొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండునుండి వచ్చిన యొక మిషను సంఘమువారు పనిచేసిన చోట్లు. ఆ సంఘము 1701లో లండనునందు పుట్టినది. దాని పూర్తి పేరు పలుకుట మనవారికి కష్టమయ్యెనేమో, ‘ఎస్.పి.జి.’ యను మూడక్షరములే నంద్యాలవారి నోట నిలిచిపోయినవి. పాఠశాలను, మైదానమును నేటికిని ఆ యక్షరములతోనే పిలుచుచున్నారు. పిలుచువారిలో వాని యర్థమెరిగినవారు కొద్దిమంది యే.

మొదట ఈ సంఘమున చేరినవారు ఊరికి వెలుపలి పేటలలోని జనులు. బావిలో చేదవేయుటకుగాని, బడిలో కూర్చుండుటకుగాని అనుమతి లేనివారు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామము తరువాత వీరి సంఖ్య మిక్కిలి పెరిగినది. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనునది అదియే. గంజికొరకు మతము మార్చుకొనిరను మాట ఆనాడును ఉండెను, ఈనాడును ఉన్నది. కరవులో గంజి త్రాగని కులము రాయలసీమలో నేది? కరవు తీరిన పిదపను వారు మరలిపోక నిలిచిరన్నచో గంజి యొక్కటియే కారణమని నేను నమ్మజాలను. పేటలో తాటాకు పాక యొకటి లేచి, అందులో పగలు బిడ్డలకు ఓనమాలును, ప్రొద్దుగ్రుంకిన పిదప పెద్దలకు ప్రార్థనయు నేర్పు ఉపాధ్యాయుడొకడు వచ్చి కాపురముండుట వారికి పెద్ద సంగతి. తమ గడపలోనికి ఒక చదువుకొన్నవాడు వచ్చి కూర్చుండుట వారు తరతరములుగా నెరుగరు.

ఆ ఉపాధ్యాయునకు భార్య యుండెడిది. ఆమెను గూర్చి గ్రంథములలో కానవచ్చునది స్వల్పము. కాని పేటలోని స్త్రీలతో మాటలాడినదియు, పురిటికి పోయినదియు, ఆడుపిల్లలను బడికి పంపుడని యింటింటికి తిరిగినదియు చాలచోట్ల ఆమెయే. పురుషుడు చెప్పగా వినని ఇల్లు ఆమె చెప్పగా వినెడిది. నంద్యాలలో మిషనువారు స్థాపించిన వైద్యశాలకు సెయింట్ వెర్బర్గ్ పేరు పెట్టిరి. ఈమె పదునాలుగు వందల యేండ్ల నాటి యొక ఆంగ్ల సన్యాసిని, చెస్టరు నగరమునకు ఆరాధ్యురాలు. ఆమె పేరు పలుకలేకున్నను, పురిటి నొప్పులతో కోడలిని బండిమీద వేసికొని ఆ వైద్యశాలకు పోవుట మాత్రము చుట్టుప్రక్కల పల్లెలవారు నేర్చుకొనిరి.

ఇక అసలు సంగతికి వత్తును. ఈ సంఘము తన ముందుంచుకొనిన గురులేమి? అందులో సాగినవెన్ని?

1912 డిసెంబరు 29వ తేదీన తిరునెల్వేలి ప్రాంతీయులైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు దోర్నకల్లుకు బిషప్పులైరి. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన భారతీయులలో వీరే మొదటివారు. కాలక్రమమున కర్నూలు కడప ప్రాంతములలోని ఎస్.పి.జి. సంఘములును వీరి పాలనలోనికి వచ్చెను. తమిళులై యుండియు తెలుగు నేర్చి తెలుగు పల్లెలలో తిరిగిన ఈయన పెట్టిన గురులు మూడు. సంఘము తన్ను తాను పోషించుకొనవలెను. తన్ను తాను పాలించుకొనవలెను. తన మతమును తానే ప్రకటించుకొనవలెను. దీనికి తోడు నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది: విదేశపు మిషనులు తెచ్చిన చీలికలను వదలి దక్షిణదేశపు క్రైస్తవులందరు నొక్క సంఘము కావలెను.

మొదటి గురి వంటయింటిలో నెరవేరవలసి వచ్చెను. కూలి డబ్బులు మగవాని చేతికి వచ్చును. అవి యెటుపోవునో మనకు తెలియని సంగతి కాదు. ధాన్యము మాత్రము ఇల్లాలి చేతిమీదుగా నడచును. కావున పూటపూటకు వండుటకు గింజలు తీసినపుడు ముందుగా నొక పిడికెడు వేరొక కుండలో వేసి, ఆదివారమునాడు గుడికి తెచ్చి సమర్పించుట అజరయ్యగారి ఖండమున వాడుకయయ్యెను. దీనికి పిడికెడు బియ్యమని పేరు. బియ్యమనుట పేరునకే. రాయలసీమ మెట్టపల్లెలలో బియ్యము పండుగకు గాని పొయ్యి యెక్కని ఇండ్లలో ఆ పిడికిట నుండునది జొన్నయో కొర్రయో యగును. దినమునకు రెండు పిడికెళ్ల లెక్కను ఒక యింటికి వారమునకు పదునాలుగు పిడికెళ్లు; ఇరువది యిండ్ల పేటనుండి 280 పిడికెళ్లు. వానిని ఉపాధ్యాయుని గ్రాసమునకో, అమ్మి గుడి ఖర్చులకో వాడుదురు. దానమనునది కలవారు చేయునదియేగాని తమవంటివారు చేయునది కాదనుకొని బ్రదికిన స్త్రీకి, తన చేతినుండియు ఒకరికి పెట్టుట కలదని తెలియుట ఎట్టి మార్పో ఆలోచింపుడు. లండనునుండి వచ్చు సొమ్ముతో పోల్చిన నది యెంత? స్వల్పమే. కాని లండను సొమ్ము ఆగిపోవుదినము వచ్చును. పొయ్యి మీది కుండ యాగదు.

రెండవ పని అజరయ్యగారి భార్య అన్బు మరియమ్మగారు చేసిరి. గురువులు కాబోవువారు చదువునకు వచ్చినపుడు వారి భార్యలకును పాఠములు చెప్పు నేర్పాటు దోర్నకల్లున నుండెను. భర్త చదివి భార్య చదువనిచో పల్లెలో సగము పని నిలిచిపోవునని వారికి తెలియును. మన యుద్యోగస్థుల ఇండ్లలో సైతము ఈ సంగతి గ్రహించుటకు చాలకాలము పట్టినది.

ఇక ఐక్యము. ఇది నంద్యాలవారి కథలో పెద్ద చిక్కు. 1919లో తరంగంబాడిలో కొందరు గురువులు కూడి, మనలను చీల్చిన కలహములు మనవి కావు, ఐరోపావారివి. వానిని మనమేల మోయవలెనని యొక ప్రకటన చేసిరి. అజరయ్యగారు అందులో ముఖ్యులు. చర్చలు సాగిసాగి 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరువారములకు, మద్రాసులోని సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము పుట్టెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే కలిసియున్న ప్రెస్బిటేరియను కాంగ్రిగేషనల్ సంఘములవారు ఒక్కటైరి. బిషప్పులు గల సంఘమును, బిషప్పులు లేని సంఘములును ఇట్లు కలియుట లోకమున క్రొత్త. అజరయ్యగారు దానిని కండ్లార చూడలేదు. 1945 జనవరి 1వ తేదీననే వారు కన్నుమూసిరి.

నంద్యాలవారు కలియలేదు.

ఏల? గురుత్వము తొలినాటి యపోస్తలులనుండి బిషప్పుల హస్తములద్వారా పారంపర్యముగా రావలెననునది ఆంగ్లికనుల నమ్మకము. క్రొత్త సంఘమునందు బిషప్పుల చేతి యభిషేకము పొందని తక్కిన సంఘముల గురువులను గూడ సమానులుగా నంగీకరించిరి. మిషను పెద్దలలోను, వారికి ఇంగ్లండునుండి ధనము పంపువారిలోను పలువురికిది సరిపడలేదు. వారి చేతిక్రింద పెరిగిన నంద్యాల ప్రాంతపు సంఘములలో పెక్కు పాతచోటనే నిలిచిపోయెను. అన్నదమ్ములందరు నుమ్మడి కాపురమునకు సమ్మతించి వచ్చుచుండగా ఒక తమ్ముడు మాత్రము వేరు కుంపటి పెట్టుకొనినట్లయ్యెను. తమ్ముడు చెడ్డవాడు కాడు. తాను పట్టినది తండ్రి యాచారమని యతని నమ్మకము. కాని ఒక పేట పిల్లను మరియొక పేటకు ఇచ్చినచో ఆమె పుట్టినిల్లొక సంఘమును మెట్టినిల్లొక సంఘమును గావచ్చును. రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొను ప్రభు సంస్కారమునందు ఈవలివారికి ఆవలి పంక్తిలో చోటుండునో లేదో యను శంక పుట్టును. పంక్తిభేదమును తప్పించుకొని వచ్చిన ప్రజలకు మరల పంక్తిభేదము! విదేశీయుల కలహములు మనకేలయని 1919లో నడిగిన ప్రశ్నకు ఇంతకంటె చేదైన యుదాహరణము నాకు తోచదు.

1963లో నంద్యాల ప్రత్యేక ఖండమయ్యెను. 1975లో దక్షిణ ఇండియా సంఘమున చేరెను. తరంగంబాడి ప్రకటనకును మద్రాసు ఐక్యమునకును నడుమ ఇరువదియెనిమిది యేండ్లు. ఆ యైక్యమునకును నంద్యాల చేరికకును మరల ఇరువదియెనిమిది యేండ్లు. ఆ నడుమ పెండ్లాడి వచ్చిన కోడండ్రు అత్తలైరి.

వారు చేరిన మరుసటి యేటనే, 1976లో, దక్షిణ ఇండియా సంఘము స్త్రీలకు గురుత్వాభిషేక మిచ్చుట ప్రారంభించెను. నంద్యాల ఖండమునందు ఎగ్గోని పుష్పలలితగారు 1980ల తొలి సంవత్సరములలో ఆ యభిషేకమునంది, ముప్పది సంవత్సరములు సేవచేసిరి. 2013 సెప్టెంబరు నెలాఖరున నంద్యాల హోలీక్రాసు దేవాలయమున ఆమెను ఆ ఖండమునకు బిషప్పుగా నభిషేకించిరి. ఇరువదికి పైబడిన ఖండములు గల దక్షిణ ఇండియా సంఘమునందు స్త్రీ బిషప్పగుట అదియే మొదలు. కేరళ కాదు, మద్రాసు కాదు, చదువునను ధనమునను పేరుపొందిన మరియే ఖండమును గాదు. కరవుసీమలోని నంద్యాల!

బిషప్పుల పారంపర్యమునకు భంగము వచ్చునను భయముచే ఐక్యమునకు దూరముగా నిలిచిన ప్రదేశమే, ఆ పారంపర్యమునందు ఒక స్త్రీని ముందుగా నిలిపినది. ఏ ఇంగ్లండు దేశపు సంఘము మాట విని వారు ఇరువదియెనిమిది యేండ్లు వేరుగానుండిరో, ఆ సంఘమునందు తొలి స్త్రీ బిషప్పునకు అభిషేకము జరిగినది 2015 జనవరిలో. అనగా నంద్యాల తరువాత సుమారు పదునారు నెలలకు. ఆ వార్త లండను పత్రికలలో పెద్ద యక్షరములతో వెలసినపుడు మహానంది త్రోవలోని ఆడుపిల్లలకు అందులో వింతయేమియు కనబడి యుండదు.

అట్లని గురులన్నియు నందినవని చెప్పరాదు. ఒక పీఠముపై నొక స్త్రీ కూర్చుండుట వేరు. పల్లె సంఘపు లెక్కలు చూచు పెద్దల నడుమ ఇద్దరు స్త్రీలు కూర్చుండుట వేరు. పిడికెడు తీయు చేయి తనదైనప్పుడు, ఆ గింజలమ్మిన సొమ్ము దేనికి వెచ్చింపవలెనో చెప్పు నోరును తనదే కావలదా? కులభేదమును గడప వెలుపల విడిచి రావలసియుండగా అదియు లోపలికి వచ్చినది. దానితో అజరయ్యగారి కాలమునుండియు పెనగులాట యున్నది. ప్రభుత్వపు లెక్కలలో మరియొక చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి షెడ్యూలుకులమున పుట్టినవారు క్రైస్తవులైనచో ఆ కులపు హక్కులను కోల్పోవుదురు. ఆంధ్రప్రదేశమున వీరిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నెంచి, నూటికి ఒక పాలు కేటాయించిరి. ఊరిలో కులము పోలేదు, కాగితములో పోయినది. కూతునకు కళాశాలలో చోటు కావలసినపుడు తల్లి పడు మనోవేదన మందిరములో పాడు పాటలతో తీరునది కాదు.

ఇంకొక లోటు. దొరల పేర్లు గ్రంథములలో నున్నవి, సమాధిరాళ్లపై నున్నవి. ఉపాధ్యాయుని భార్య పేరు ఎచ్చటను లేదు. ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు ప్రాంతములలో ఏ పేటకు మొదట ఎవరు వచ్చి ఆడుపిల్లలను పలకముందు కూర్చుండబెట్టిరో, ఏ యవ్వ కుండ గింజలతో గుడి కప్పు పడినదో, వినియున్నవారు ఎనుబది దాటిన వృద్ధురాండ్రలో ఇంకను కొందరుందురు. బడికి పోవు మనుమరాండ్రు ఒక్కొక్క నోటుపుస్తకము పట్టుకొని వారి దగ్గర కూర్చుండవలెను. ఈ వేసవి సెలవులలోనే యైన మరియు మంచిది.