తీగపాకం, ఉండపాకం, నక్షత్రం

అరిసెలకు పాకం పట్టేటప్పుడు మీ నాన్నమ్మ ఏం చేస్తుందో చూశావుగా, అమ్మడూ? నీళ్ళగిన్నెలో బొట్టు వేస్తుంది. కరిగిపోతే ఇంకా లేత. వేళ్ళ మధ్య సాగితే తీగపాకం. నీళ్ళలోనే ఉండ కట్టిందా, ఇక పిండి పోసెయ్యడమే. ఆ క్షణంలో ఎవరు పలకరించినా తిట్లు తప్పవు.

సరే, డాబా మీదికి రా. సంక్రాంతి రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి నడినెత్తిన గుత్తిగా కనిపించేది పిల్లలకోడి, అదే కృత్తికలు. ఆ పక్కన ఎర్రగా రోహిణి. వాటికి చేరువలో ఖాళీగా, నల్లగా ఉన్నచోట వాయువు, ధూళి నిండిన వృషభరాశి మేఘం ఉంది. సుమారు 450 కాంతి సంవత్సరాల దూరం. అక్కడా పాకం పడుతోంది. కాకపోతే నాన్నమ్మది వేడెక్కి చిక్కబడుతుంది, ఇది చల్లారి చిక్కబడుతుంది.

మొదట హైడ్రోజన్ పరమాణువులు పలచగా, ఒంటరిగా తిరుగుతుంటాయి. ధూళి రేణువుల మీద వాలి జత కడతాయి. ఆ ధూళే గొడుగై బయటి నక్షత్రాల వెలుగును ఆపుతుంది. లోపలున్న కార్బన్ మోనాక్సైడ్ (గదిలో కుంపటి పెట్టి తలుపులు మూస్తే ప్రాణం తీసేదే!) ఉన్న కాస్త వేడినీ రేడియో తరంగాలుగా బయటికి పంపేస్తుంది. చివరికి మైనస్ 263 డిగ్రీలు.

చల్లబడింది కదా అని కుదురుగా ఉండదు. సుడులు, తోపులాటలు. వాటి తాకిడికి పొరలు కడుతుంది, పొరలు తీగలవుతాయి. 2009లో ఐరోపావాళ్ళు పంపిన హెర్షెల్ టెలిస్కోపుకు దగ్గరి మేఘాల్లో ఎక్కడ చూసినా తీగలే! వెడల్పు ఇంచుమించు కాంతి సంవత్సరంలో మూడోవంతు. అన్నీ ఒకే కొలతలో ఎందుకున్నాయని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

తీగ బరువెక్కితే ముడులు పడుతుంది. ముడి అంటే మరీ గట్టిగా ఊహించుకోకు. ఘనసెంటీమీటరుకు ఏ పదివేలో, లక్షో అణువులుంటాయి, అంతే. మన గాలిలో అదే చోట 25 పక్కన 18 సున్నాలు! లోపలి వేడి బయటికి తోస్తుంది, సొంత బరువు లోపలికి లాగుతుంది. ఏది ఎప్పుడు గెలుస్తుందో 1902లోనే జేమ్స్ జీన్స్ లెక్కకట్టాడు. చల్లబడేకొద్దీ తోపు తగ్గుతుంది, ముడి కుప్పకూలుతుంది, నక్షత్రం పుడుతుంది. హెచ్‌.ఎల్‌. టౌరి అనే పసికందు మన వృషభరాశి మేఘంలోదే. దాని చుట్టూ ఉన్న ధూళి వలయాలను 2014లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు పట్టుకుంది.

మిగిలిన పాకం ఏమవుతుందంటావా? నాన్నమ్మ గిన్నె అడుగంటా గీకుతుంది. మేఘంలో మాత్రం నూటికి కొద్ది పాళ్ళే నక్షత్రాలవుతాయి. తక్కినదంతా చెదిరి, మళ్ళీ లేతపాకమే.